చప్పుడు లేని ఫ్యాను

మా వీధిలో మా ఆయన్ని ఫ్యాన్లాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేది బ్యాంకువాళ్లొక్కరే. వంటింటి పొగను బయటకు లాగే ఫ్యాన్లు బిగించడం ఆయన పని. హోటళ్లకు, హాస్టళ్లకు, మామూలు ఇళ్లకు ఎన్ని బిగించారో ఆయనకే తెలియదు. గోడకు కన్నం కొట్టి, చట్రం కూర్చి, ఫ్యాను ఎక్కించి, స్విచ్చి వేశాక రెండడుగులు వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడతారు. "వినబడుతోందా?" అని అడుగుతారు. ఏమీ వినబడకూడదు. ఎదుటివాళ్లు "అసలు తిరుగుతోందా అండీ?" అంటే చాలు, ఆ పూట ఆయనకు భోజనం కూడా అక్కర్లేదు.

ఫ్యాన్లు నోరు మెదపకూడదు గానీ ఆయన నోటికి మాత్రం హద్దు లేదు. పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆ ఇల్లాలిని నిలబెట్టి పాఠం చెప్పేవారు. "ఏమ్మా, కిటికీలన్నీ బిగించుకుని ఫ్యాను వేస్తే అది గాలిని ఎక్కణ్ణుంచి తెస్తుంది, పుట్టింటి నుంచా? గాలి బయటికి పోవాలంటే ముందు లోపలికి రావాలి. అర్థమైందా?" పాపం ఆ ఇల్లాలు తల ఊపేది. నిద్దట్లో లేపి అడిగినా ఈ పాఠం నేను అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాను.

నాకెలా తెలుసంటే, మోకాళ్లు మొండికేశాక ఆయన పెద్ద పనులు మానేసి, చిన్న పనులకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టారు. స్టూలు కదలకుండా పట్టుకోవడం, మరలు అందించడం, టార్చి పట్టడం నా వంతు. టార్చి ఏమాత్రం పక్కకు జరిగినా విసుక్కునేవారు. "నేను చూసేది మరని, నువ్వు చూపించేది గోడని. మన కాపురమంతా ఇంతే." నేను కావాలని ఆయన కళ్లలోకే వేసేదాన్ని.

మా కోడలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ అమ్మాయి పెళ్లయి వచ్చాక చదువుకుంది. పగలు ఇంటి పని, సాయంత్రం క్లాసులు. పరీక్షల రోజుల్లో కూర మాడ్చని రోజు లేదు. చివరికి మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం వచ్చింది. అక్కడ రక్తపరీక్షల రిపోర్టులు, టోకెన్లు, ఫోన్లు అన్నీ ఒకే గదిలో ఉన్న మెషిన్ల మీద నడుస్తాయి. ఇనప బీరువాలాంటి పొడుగాటి ర్యాకులో అవి ఒకదాని మీద ఒకటి సొరుగుల్లా పేర్చి ఉంటాయి. ఆ గది తాళంచెవి మా కోడలి చేతికిచ్చారు. నీలం రంగు తాడు కట్టి మెడలో వేసుకునేది, ఇంటికొచ్చినా తీసేది కాదు. భోజనానికి వంగితే అది వచ్చి కంచంలో పడేది. "ముందు దానికి పెట్టి తర్వాత నువ్వు తిను" అని నేను వెక్కిరించేదాన్ని. నవ్వేది గానీ తీసేది కాదు.

ఎండలు ముదిరేసరికి ర్యాకులో మెషిన్లు వేడెక్కడం మొదలైంది. వేడి లాగే ఫ్యాన్ల పెట్టె ఒకటి తెప్పించారు గానీ, దాన్ని బిగించాల్సిన కంపెనీ మనిషి ఇదిగో అదిగో అంటూ రోజులు గడిపేస్తున్నాడు. సూపరింటెండెంటు మేడమ్ విసిగిపోయి, ఎవరైనా తెలిసిన పనివాళ్లున్నారా అని అడిగిందట. "మా మామయ్యగారు ఉన్నారు మేడమ్. ఫ్యాన్ల పనిలో ఆయన తర్వాతే ఎవరైనా" అంది మా కోడలు.

ఆ మాట విని మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి బయల్దేరారు. అలా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

పని చక్కగానే చేశారు, అబద్ధమెందుకు. పళ్లెమంత ఇనప చట్రంలో నాలుగు చిన్న ఫ్యాన్లు, ఒక పక్క వేడి ఎంతుందో చూపించే చిన్న డబ్బా. ర్యాకు పైకప్పులో దానికోసమే వదిలిన ఖాళీ ఉంది. మా కోడలు మెషిన్ల మీద దుప్పటి కప్పింది, ఇనప రజను పడకుండా. ఆయన స్టూలెక్కి చట్రాన్ని దింపి, నాలుగు మూలలా మరలు సగం సగం బిగించి, సమంగా కూర్చుందని చూసుకుని అప్పుడు పూర్తిగా బిగించారు. వేడి కొలిచే తీగను మెషిన్ల మధ్యకు వదిలారు. స్విచ్చి వేశాక జేబులోంచి పల్చటి కాగితం ముక్క తీసి ఫ్యాన్ల మీద పట్టుకున్నారు. అది పైకి ఎగిరింది. కిందికి దిగి, ర్యాకు అడుగున ఉన్న చిల్లుల దగ్గర పట్టుకున్నారు. అది చిల్లులకు అతుక్కుపోయింది. "చూశావా అమ్మాయ్, కింద నుంచి చల్లగాలి పీల్చి పైనుంచి వేడిగాలి వదులుతోంది. గాలి బయటికి పోవాలంటే..." అని మొదలుపెట్టారు. నేనూ కోడలూ ఒక్కసారే అందుకున్నాం, "ముందు లోపలికి రావాలి!"

అంతటితో వదిలేస్తే ఈ కథే లేదు.

ఆ గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. ఆ పక్క గదిలో చెవుల పరీక్ష చేస్తారు. రోగి చెవులకు డబ్బాలు తగిలించి, సన్నటి కూతలు వినిపించి, వినబడితే చెయ్యెత్తమంటారు. ఆ పరీక్ష చేసే అమ్మాయి మర్నాడే వచ్చి మా కోడలితో అందట, "మీ ఫ్యాన్ల హోరుకి మా పేషెంట్లు కూత లేకపోయినా చెయ్యెత్తేస్తున్నారు. ఏదో ఒకటి చెయ్యండి." మాట మంచిగానే అంది. కానీ అది మా ఆయన చెవిన పడేసరికి, ఆయన బిగించిన ఫ్యాను చప్పుడు చేస్తోందన్న మాటగా మిగిలింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పడలేదాయన. రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నారు.

తెల్లారి మళ్లీ వెళ్లాం. మా కోడలు ముందు గదిలో పాడైన ప్రింటరు పనిలో ఉంది. తాళం తీసి మమ్మల్ని లోపల వదిలి వెళ్లింది. మా ఆయన మరల కింద రబ్బరు బిళ్లలు వేశారు. అదురు తగ్గింది గానీ హోరు తగ్గలేదు. ర్యాకు చుట్టూ చెవి ఆనించి తిరిగారు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి వస్తోంది" అన్నారు అడుగున చిల్లుల దగ్గర కూర్చుని. ర్యాకు వెనక తలుపుకున్న చిల్లుల దగ్గరా అంతే. సంచిలోంచి చప్పుడు మింగే మందపాటి ఫెల్టు గుడ్డ తీసి, కొలిచి, కత్తిరించి, జిగురు పూసి, అడుగంతా అతికించారు. వెనక తలుపుకు లోపలివైపు అతికించారు. అంచులు అంత నీటుగా దర్జీ కూడా కత్తిరించలేడు. నేను టార్చి పట్టుకునే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. నాకేం తెలుస్తుంది, ఫ్యాన్లాయన ఆయన కదా.

హోరు ఆగిపోయింది. ఆ రోజు ఆయన జేబులోంచి కాగితం తీయలేదు. చెవి మాత్రమే పెట్టి చూశారు. చెవుల గదిలో అమ్మాయి గోడకు చెవి ఆనించి, "అసలు తిరుగుతోందా అండీ?" అంది. ఇంకేం కావాలి! దారంతా కుర్రాడిలా నడిచారు, మోకాళ్లు ఏమయ్యాయో మరి.

తర్వాత జరిగింది మాకు ఆలస్యంగా తెలిసింది గానీ మీకిప్పుడే చెప్పేస్తాను. వారం తిరక్కుండానే ఓ మిట్టమధ్యాహ్నం ర్యాకులో మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. టోకెన్లు లేవు, రిపోర్టులు లేవు, ఫోన్లు మూగబోయాయి. హాలు నిండా జనం. ఎవరి బిడ్డకో ఆపరేషను చెయ్యాలా వద్దా అన్నది రక్తపరీక్ష రిపోర్టు మీదే ఉందట. ఆ తల్లి కౌంటరు పట్టుకుని ఏడుస్తూ నిలబడిందట. మా కోడలు పరుగున వెళ్లి వెనక తలుపు తీసేసరికి మొహానికి పొయ్యి సెగలా కొట్టింది. ఫెల్టు చూసింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఒక్క క్షణంలో అర్థమైంది. గోళ్లు విరిగేలా పీకి పారేసింది. మేడమ్ వచ్చి, "ఇదెవరు మూశారు?" అని అడిగింది.

"నేనే మూయించాను మేడమ్. దుమ్ము పడుతోందని" అంది మా కోడలు.

ఆ సాయంత్రమే తాళంచెవి తీసేసుకుని ఫోన్లు చూసే ఆయనకు ఇచ్చారు. మా కోడల్ని టోకెన్ల కౌంటరులో కూర్చోబెట్టారు.

ఇంటికొచ్చి మామూలుగానే వంట చేసింది. మెడ బోసిగా ఉంది. "తాడేదే?" అంటే "ఆఫీసులోనే ఉంచేశా అత్తయ్యా, అస్తమానం కంచంలో పడుతోందని మీరే అంటారుగా" అంది. నేను నమ్మేశాను. భోజనాల దగ్గర మా ఆయన మీసం దువ్వుకుంటూ, "ఏమ్మా, మన ఫ్యాను ఎలా ఉంది?" అని అడిగారు.

"బాగుంది మామయ్యగారూ. చప్పుడే లేదు" అని ఆయన కంచంలో మరికాస్త కూర వేసింది. ఇప్పటికీ ఆ గరిటె గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది. ఆయన లొట్టలేసుకుంటూ తిన్నారు.

కొన్నాళ్లకు చెవుల గది అమ్మాయి బజార్లో కనిపించి, హోరు మళ్లీ మొదలైందని చెప్పింది. మా ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఎవడో చెయ్యి పెట్టాడు నా పనిలో!" సంచీ, టార్చీ, నేనూ. ఆస్పత్రికి వెళ్లేసరికి హాలు కిటకిటలాడుతోంది. మా కోడలు టోకెన్ల కౌంటరులో ఉంది. ఎవరికో బదులు కూర్చుందనుకుని చెయ్యూపాను. తను ఊపలేదు. మొహం పాలిపోయింది. ఫోన్లాయన గది తెరిచాడు. నేను అడుగున టార్చి వేశాను. ఫెల్టు పీకిన చోట జిగురు మరకలు మాత్రం ఉన్నాయి.

"ఎవడు పీకాడిది?" అని మా ఆయన వేసిన కేకకు హాల్లో జనం ఇటు తిరిగారు. "బుద్ధున్నవాడెవడైనా పీకుతాడా? ముక్క ముక్క కొలిచి అతికించాను. నా ఫెల్టు పీకిన మొనగాడెవడో నాకు చూపించండి!"

ఫోన్లాయన మంచివాడు. నెమ్మదిగా అన్నాడు, "మీ కోడలే పీకింది పెద్దాయనా. లోపలికి గాలి పోక మెషిన్లన్నీ ఆగిపోయాయి కదా ఆ రోజు. దుమ్ము పడుతోందని ఆవిడే మీతో మూయించిందట. అందుకే కదా తాళం నా దగ్గరికొచ్చింది. మీకు ఇంట్లో చెప్పలేదా?"

గాలి పోక. ఆ మాట దగ్గరే ఆగిపోయారు మా ఆయన. వంగి అడుగున చిల్లులు చూశారు. జేబులోంచి కాగితం తీసి అక్కడ పట్టుకున్నారు, అది చటుక్కున అతుక్కుంది. ఊరందరికీ చెప్పిన పాఠం.

అప్పటికే మేడమ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమిటీ గొడవ? ఆ అమ్మాయి చెప్పబట్టే కదండీ మీరు మూశారు?"

మా ఆయన హాల్లోకి చూశారు. కౌంటరు అద్దం వెనక నుంచి మా కోడలు ఆయన్నే చూస్తోంది. తల కొంచెం, కొంచెమే, అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. చెబితే తను అబద్ధమాడినట్టు తేలిపోతుంది. చెప్పకపోతే ఆయన తప్పు తన నెత్తినే ఉండిపోతుంది.

"ఔనండీ" అన్నారు మా ఆయన. "అమ్మాయి చెబితేనే మూశాను."

నేను టార్చి ఆర్పడం మర్చిపోయాను. ఆ వెలుగు సరిగ్గా ఆయన మొహం మీద ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం నేను చూడలేదు. భూమి చీలితే దూరిపోవాలని ఆయనకు అనిపించిందో లేదో గానీ నాకనిపించింది.

తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేరాం. ఆ రాత్రి కోడలు వడ్డిస్తే ఆకలి లేదన్నారు. మర్నాడూ అంతే. తను గదిలోకొస్తే ఈయన వాకిట్లోకి, తను వాకిట్లోకొస్తే ఈయన పెరట్లోకి. వీధిలో ఎవరో వంటింటి ఫ్యాను మోగుతోందని పిలవడానికొస్తే, మోకాళ్లు బాగోలేవని నాచేత చెప్పించారు. మా అబ్బాయి బస్సు డ్యూటీ దిగొచ్చి, "నాన్నకేమైందే?" అని అడిగితే ఏం చెప్పను? చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. నేనే కోడల్ని పెరట్లో పట్టుకుని అడిగాను, ఎందుకు నీ మీద వేసుకున్నావని. "పనికి పిలిచింది నేను కదా అత్తయ్యా. అంతమందిలో ఆయన్ని నిలబెట్టడానికి మనసొప్పలేదు. ఎలాగూ గది చూసుకోవాల్సింది నేనే. వెళ్లి ఓసారి కిందికి వంగి చూసుంటే సరిపోయేది" అంది. చీరలు ఆరేస్తూ అంది, నా వైపు చూడకుండా. "కొన్నాళ్లు పోతే తాళం మళ్లీ ఇస్తానని మేడమ్ అన్నారు. మీరిద్దరూ దీన్ని ఇంతటితో వదిలెయ్యండి."

ఆ మాట ఆయనకు చేరవేశాను. విన్నారు. వదలలేదు. ఓ పొద్దున నాకు కూడా చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లి, ఏ హాల్లో కేకలేశారో అదే హాల్లో, జనం మధ్యలో మేడమ్‌ను ఆపి చెప్పేశారట. మూసింది తనేనని, కోడలికి తెలియదని, చప్పుడు పోవాలన్న పిచ్చిలో చేశానని, మొన్న ఔనన్నది కూడా అబద్ధమేనని.

మేడమ్ అంతా విని, కౌంటరు వైపు తిరిగి అందట, "తప్పు చేసినవాళ్లకు తాళం మళ్లీ ఇవ్వొచ్చు. మొహం మీదే అబద్ధం చెప్పినవాళ్లకు ఎలా ఇవ్వనమ్మా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి ఆయన ఇదంతా చెబితే, జాలిపడాల్సిందాన్ని తిట్టాను. "మీ గుండెల్లో బరువు దింపుకోవడానికి దాని నెత్తే దొరికిందా? వద్దని అది బతిమాలింది కదా! అప్పుడు దాన్ని అడక్కుండా మూశారు, ఇప్పుడు దాన్ని అడక్కుండా తెరిచారు." ఎదురు చెబితే బాగుండునని మొదటిసారి అనిపించింది.

మా కోడలు ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. వడ్డించేది, మందులిచ్చేది, మాట మాత్రం ఉండేది కాదు. టోకెన్ల కౌంటరుకే వెళ్లొస్తోంది. మేడమ్ మాట మాటే, తాళం మళ్లీ ఆ మెడలోకి రాలేదు. వస్తుందని ఇప్పుడెవరూ అనుకోవడం లేదు. ఎండలు తగ్గి, వానలు మొదలై, జల్లు పడకుండా కిటికీలు మూసుకునే రోజులొచ్చాయి. ఇల్లంతా నిశ్శబ్దం. ఆయన జీవితమంతా కోరుకున్నది అదే కదా అని ఒకరోజు నోటి దాకా వచ్చింది. మింగేశాను.

ఓ ఆదివారం మా వంటింట్లో ఫ్యాను గరగర మొదలుపెట్టింది. ఆయన సొంత చేత్తో బిగించినది. ముందు గదిలో కూర్చున్న ఆయనకు వినబడుతూనే ఉంది. లేవలేదు. ఆ చేతుల్ని ఆయనే నమ్మడం మానేశారని నాకు తెలుసు. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"మామయ్యగారూ, ఇదేదో మోగుతోంది. కాస్త చూస్తారా?"

పేపరు కింద పడేసి లేచారు. స్టూలు నేను పట్టుకున్నాను. మూల చీకటిగా ఉంది, టార్చి వేశాను. మరలు విప్పబోయి ఆగి, కిందికి చూడకుండానే అన్నారు, "చప్పుడు పూర్తిగా పోతుందో లేదో చెప్పలేనమ్మా."

మా కోడలు పొయ్యి దగ్గర నుంచి తిరగలేదు. గరిటె తిప్పుతూ అంది, "మోగితే మోగనివ్వండి మామయ్యగారూ. కిటికీ మాత్రం ముయ్యకండి."

ఆయన చెయ్యి మర మీదే ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డారు. నేను టార్చిని ఆయన మొహం మీంచి తీసి గోడ మీదికి తిప్పాను. గోడకేసి చూపిస్తున్నావేమని ఆయన విసుక్కోలేదు.